చెలమలో జారిన ఇసుక

గోల చేయకుండా పక్కన పడుకోండి. పొద్దుటినుంచి చాకిరీ చేసి నా నడుం లాగేస్తోంది. కథ చెబుతాను గానీ ఊ కొట్టడం మాత్రం మానకండి. మీరు మానితే నేనే ముందు నిద్రపోతాను.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎండాకాలం వచ్చిందంటే వాగు పూర్తిగా ఎండిపోయేది. నీళ్లు కావాలంటే వాగు ఇసుకలో గొయ్యి తవ్వుకోవాలి. ఆ గోతినే చెలమ అంటారు. దాని అడుగున నీళ్లు మెల్లగా ఊరతాయి. ఎంత మెల్లగా అంటే, మీలాంటి వాళ్లు దాని పక్కన కూర్చుంటే ఏడుపొస్తుంది.

చెలమతో ఇంకో తంటా ఉంది. ఎవరైనా వంగి తాగితే చాలు, అంచున ఉన్న ఇసుక జారి నీళ్లను కప్పేస్తుంది. అందుకని ఆ అడవిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తాగినవాళ్లు జారిన ఇసుకను తోడేసి మరీ వెళ్లాలి. అక్కడ కాపలా ఎవరూ ఉండరు. ఎవరి వేళకు వాళ్లు వచ్చి తాగి పోతారు.

ఎలుగమ్మ అనే ఎలుగుబంటికి ఈ విషయంలో గొప్ప పేరు. ఆమె తాగి వెళ్లిన చెలమ కడిగిన గిన్నెలా ఉంటుందని అందరూ అనేవారు. ఆమె తల్లికీ అదే పేరుండేది. ఎలుగమ్మకు ఒక్కడే కొడుకు. ఒళ్లంతా బొచ్చు కాబట్టి వాడిని గుబురు అని పిలిచేవారు. ఆ ఏడు ఎలుగమ్మ కాల్లో ముల్లు విరిగి చీము పట్టింది. తను సాయంత్రం పూట కుంటుకుంటూ వెళ్లి తాగి వచ్చేది. కొడుకును మాత్రం, పెద్దవాడివయ్యావు, పగలు నువ్వే వెళ్లి తాగిరా, ఇసుక తోడడం మరిచిపోకు అని ఒంటరిగా పంపింది.

మొదటి రోజు ఎండకు గుబురు కళ్లు తిరిగాయి. తాగాడు, ఇసుక జారింది, రేపు రెండింతలు తోడతాలే అనుకుని వచ్చేశాడు. రెండో రోజు ఎక్కడినుంచో ఇప్పపూల వాసన వచ్చింది. ఆలస్యమైతే రాలిన పూలన్నీ ఎవరో తినేస్తారని పరుగెత్తాడు. మూడో రోజు ఎండా లేదు, పూల వాసనా లేదు. ఊరికే వచ్చేశాడు. రెండుసార్లు మానేసిన పని మూడోసారి మానడానికి కారణం అక్కర్లేదు. పక్కబట్టలు మడతపెట్టమంటే మీరేం చేస్తున్నారో నేను చూడడం లేదా?

గుబురు తర్వాత చెలమకు వచ్చేది దుప్పి. ఆమెకు అప్పుడే బిడ్డ పుట్టింది. సన్నని గిట్టలతో ఇసుక తోడడం ఆమె వల్ల అయ్యే పని కాదు. అయినా తోడేది. ఊట కోసం ఎండలో నిలబడి, రెండు గుక్కలు తాగి వెళ్లిపోయేది. మూడో రోజుకు ఆమెకు పాలు తగ్గిపోయాయి. బిడ్డ లేచి నిలబడలేకపోయింది.

దుప్పి వెళ్లి అడవికి పెద్దయిన మనుబోతు జింకకు మొరపెట్టుకుంది. మనుబోతు అందరినీ పిలిపించాడు. ఎలుగమ్మ కాలినొప్పి వల్ల రాలేదు. గుబురు వచ్చాడు. ఈ పని ఎవరిదని మనుబోతు అడిగేసరికి అందరి కళ్లూ ముసలి అడవిపంది మీద పడ్డాయి. రోజంతా బురదలో దొర్లేవాడికి చెలమ సంగతి ఏం పడుతుందన్నారు. పంది తను కాదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. నిప్పు లేనిదే పొగ రాదంది కుందేలు. దానికి అసలేమీ తెలియదు. ఎలుగుబంట్ల పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎలుగమ్మ కొడుకును అనుమానించడమా? గుబురు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే పంది అడవి వదిలి రెండు కొండల అవతలున్న మడుగుకు పోవాలని తీర్పు చెప్పారు. ఆ వయసులో, ఆ ఎండలో అంత దూరం నడిస్తే పంది బతుకుతాడన్న నమ్మకం ఎవరికీ లేదు. తీర్పు విని అక్కడినుంచి వెళ్తూ వెళ్తూ పంది గుబురు దగ్గర ఆగాడు.

"అల్లుడూ, మీ అమ్మను అడిగానని చెప్పు. ఆమె ఇక్కడ ఉండుంటే నా తరఫున ఒక్క మాటైనా అనేది" అన్నాడు.

గుబురు ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాడు. తన సంగతి తప్ప. ఎలుగమ్మ వాడి పంజా చేతిలోకి తీసుకుని చూసింది. చెలమ తోడినవాడి గోళ్ల సందుల్లో తడి ఇసుక ఉండాలి. వాడి గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆమె ఆ పంజా వదిలేసింది.

"మా అమ్మ బతికినంతకాలం ఆ ఇసుక తోడింది. నేనూ తోడాను. ఇవాళ నిన్ను ఎవరూ అనుమానించలేదంటే అది నీ గొప్ప కాదు నాయనా. మా ఇద్దరి బతుకుల కష్టాన్ని నువ్వు మూడు పూటల్లో తాగేశావు" అంది.

"నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదమ్మా" అన్నాడు గుబురు.

"తెలియదు. పంది మావ పోతాడు, మన పేరు ఉంటుంది. అలాంటి పేరు పెట్టుకుని బతకగలవేమో నువ్వే చూసుకో. నాకు కోపం కూడా రావడం లేదురా. ఓపిక లేదు" అని ఎలుగమ్మ అటు తిరిగి పడుకుంది. కొడితే బాగుండుననిపించింది గుబురుకు.

తెల్లవారింది. పందిని సాగనంపడానికి అందరూ వాగు ఒడ్డున చేరారు. గుబురు వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డాడు.

"ఇసుక తోడనిది నేను. మావ కాదు" అన్నాడు.

నిజం చెప్పినందుకు మెచ్చుకుంటారని వాడి లోపల ఒక చిన్న ఆశ ఉండింది. ఎవరూ మెచ్చుకోలేదు. దుప్పి వాడి వంక చూసి మొహం తిప్పుకుంది. పంది ఇక్కడే ఉండాలని, ఇకనుంచి ఎలుగుబంట్లు అందరూ తాగాక చివర్లో తాగాలని మనుబోతు చెప్పాడు. తల్లయినా, కొడుకైనా అంతే. పంది వాడి పక్కనుంచే వెళ్లాడు గానీ అల్లుడూ అని పిలవలేదు.

ఆ వేసవి ఎలా గడిచిందో చెప్పాలంటే నాకే ఆయాసం వస్తోంది. రోజూ పొద్దువాలేదాకా తల్లీకొడుకులు వాగు ఒడ్డున కూర్చునేవారు. కుంటికాలు చాపుకుని తల్లి, ఆమె మొహం చూడలేక కొడుకు. అందరూ తాగి వెళ్లాక మిగిలిన నీళ్లు ముందు తల్లికి, తర్వాత తనకు. ఆపైన గుబురు ఇసుక తోడేవాడు. తన ఇసుకే కాదు, ఎవరి తొందరలో వాళ్లు సగం తోడి వదిలేసిందీ తోడేవాడు. గోళ్లు అరిగిపోయాయి. బాగుపడ్డావురా అని ఒక్కరూ అనలేదు. కొన్నాళ్లకు ఆ మాట కోసం చూడడం కూడా మానేశాడు. తోడేవాడు, వెళ్లి పడుకునేవాడు.

ఎండలు ముదిరాయి. నీళ్లు ఇంకా కిందికి పోయాయి. చెలమ ఎంత లోతయిందంటే, తాగాలంటే మోకాళ్ల మీద కూర్చుని మెడదాకా తల లోపల పెట్టాలి. అలా పెడితే ఏమీ కనిపించదు, వినిపించదు. పైగా ఆ చుట్టుపక్కల చిరుతపులి తిరుగుతోంది. నమ్మకమైనవాళ్లు ఎవరైనా పక్కన కాపలా ఉంటే తప్ప తల దించడానికి అందరికీ భయమే.

ఒకరోజు చిరుత భయంతో దుప్పి పొద్దున రాలేకపోయింది. సాయంత్రం బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. ఒడ్డున మనుబోతు ఉన్నాడు, పంది ఉన్నాడు. దూరంగా తమ వంతు కోసం ఎలుగుబంట్లు కూర్చుని ఉన్నాయి. నేను కాపలా ఉంటాను, తాగమ్మా అన్నాడు మనుబోతు. దుప్పి తల అడ్డంగా ఊపి, నేరుగా గుబురు దగ్గరకు నడిచి వచ్చింది.

"నువ్వు వచ్చి నిలబడు" అంది.

గుబురు లేచి నిలబడ్డాడు. "నేనా పిన్నీ?" అన్నాడు.

"రోజూ తెల్లవారగానే అందరికన్నా ముందు వచ్చేది నేనే. సాయంత్రం నువ్వు వదిలి వెళ్లిన నీళ్లే నేను తాగుతున్నది. ఈ వేసవంతా తాగేముందు నేను ఒక్కసారి కూడా ఇసుక తోడుకోవాల్సి రాలేదు" అంది దుప్పి.

ఆమె బిడ్డను గుబురు పక్కన నిలబెట్టి, వంగి, చెలమలో తల పెట్టింది. బిడ్డ వాడి బొచ్చుకు ఆనుకుంది. గుబురు అడవి వైపే రెప్ప వేయకుండా చూస్తూ నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ కాస్తసేపూ కాపలా తప్పుతుంది కదా.

నీతి: మంచి పేరు మనం చెప్పుకుంటే వచ్చేది కాదు, మన వెనక వచ్చేవాళ్లు చెప్పాలి. పోగొట్టుకోవడానికి మూడు పూటలు చాలు, మళ్లీ తెచ్చుకోవాలంటే ఎవరూ చూడకపోయినా రోజూ ఇసుక తోడాలి.