నూకాలు కట్టిన బద్ద

అనగా అనగా ఒక కొండ. కొండ కింద ఒక ఊరు. ఊరి చివర, వెదురుపొద పక్కన నూకాలు అని ఒక ముసల్ది. బుట్టలల్లేది, చాటలల్లేది. ఊరందరూ ఆమె అల్లిన చాటలోనే బియ్యం చెరిగేవారు. ఆమెని మాత్రం ఎవరూ గడప దాటనిచ్చేవారు కాదు. అదీ వాళ్ళ మర్యాద! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నూకాలుకి ఇంకో విద్య కూడా ఉండేది. ఎవరి వేలు బెణికినా, కణుపు దెబ్బతిన్నా, వెదురు బద్ద నున్నగా చెక్కి, గుడ్డపేలిక చుట్టి కట్టేది. కొయ్యడం లేదు, కాల్చడం లేదు. బద్ద, గుడ్డ, ఓపిక. అంతే.

ఆ ఊళ్ళో పాలమ్ముకునే గౌరమ్మ ఇంటికి పైడి అని కొత్తకోడలొచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. ఓ పొద్దున దూడని కడుతుంటే అది తల విదిలించింది. పైడి నడిమివేలికి తగిలింది. వేలి కొస వాడిన తోటకూర కాడలా వాలిపోయింది. ఎత్తుదామంటే లేవదు.

"పాలు పితకలేని కోడలు నాకెందుకే? ఏలు సరవ్వకపోతే పుట్టింటికి పో. మావోడికి ఇంకో గుంటని తెత్తాను," అంది గౌరమ్మ.

పైడి ఏడుస్తూ నూకాలు దగ్గరికి పరిగెత్తింది. నూకాలు వేలు చాపించి బద్ద కట్టింది.

"ఇనుకో గుంటా. నలభై రెండు రోజులు కొస నిటారుగుండాల. తిన్నా నిటారే, తొంగున్నా నిటారే. ఒక్కపాలి వంగిందా, మళ్ళీ ఒకటి నుంచి లెక్క!"

వెదురుకర్ర మీద గాటు పెట్టింది. రోజుకో గాటు.

పదో గాటుకి గౌరమ్మ బద్ద ఊడబీకింది. "పాలు నానేటి పితుకుతానా?" అంది. ఆవిడ చేతులకేం తెగులో అడిగిన నాథుడు లేడు. వేలు వాలిపోయింది. మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

ఇరవయ్యో గాటుకి మొగుడు అప్పన్నకి ఆత్రం పుట్టింది. "నయమైనాదో లేదో వంచు, సూద్దాం," అన్నాడు. మొలకొచ్చిందా అని విత్తనం తవ్వి చూసేవాణ్ణి ఏమనాలి? వేలు వాలిపోయింది. మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

ముప్పయ్యో గాటుకి ఇంట్లో పేరంటం. "పండగపూట ఆ పేలికేటే? ఇప్పీ, గోరింటాకు పెడదాం," అన్నారు అమ్మలక్కలు. విప్పారు. వేలు వాలిపోయింది.

ఈసారి నూకాలు లెక్క మొదలెట్టలేదు. కర్రని మోకాలికేసి ఫెళ్ళున విరిచింది. తిన్నగా గౌరమ్మ ఇంటిముందుకొచ్చి వీధిలో నిలబడింది.

"మీ నోట్లో మన్నడా! ఆ పిల్ల బతుకు మీకు నవ్వులాటేటి? ఈపాలి ఈ ముడి మీద ఎవులు సెయ్యేసినా, నానల్లిన సాటలు, బుట్టలు, తట్టలు అన్నీ నా గుమ్మంలో పారీండి. బియ్యం మీ సేతుల్తో సెరుక్కోండి!"

ఊరు వెనక్కి తగ్గింది. చాట లేని ఇల్లు ఏదీ?

నూకాలు కొత్త బద్ద కట్టింది. రోజూ పొద్దున్నే ఆ గడపకి ఎదురుగా, ఎండలో కూచుని బుట్టలల్లింది. కొత్త కర్ర మీద రోజుకో గాటు పెట్టింది. గౌరమ్మ పళ్ళు నూరుకుంటూ పాలు పితికింది.

నలభయ్యో గాటు పెట్టిన సాయంత్రం, అల్లుతున్న బుట్ట మీదే నూకాలు ఒరిగిపోయింది. మరి లేవలేదు.

మర్నాడు గౌరమ్మ నవ్వింది. "ముసిల్ది పోయింది. ఇంకెవులు అడుగుతారు? ఇప్పీ." అని ముడి మీద చెయ్యేసింది.

అత్తకి ఎన్నడూ ఎదురు చెప్పని పైడి, ఆ చేతిని విసిరికొట్టింది.

"ఇంకా రెండ్రోజులుంది!"

వీధి వీధంతా తలుపులు తీసింది. పైడి మళ్ళీ అరిచింది. "ఇంకా రెండ్రోజులుంది అత్తా! నువ్వే పితుక్కో!"

గౌరమ్మ చెంబు తీసుకుని దొడ్లోకి పోయింది. మిగిలిన రెండు గాట్లూ పైడే పెట్టుకుంది.

నలభై మూడో పొద్దున బద్ద విప్పితే వేలు నిటారుగా నిలబడింది. పైడి ఆ చేత్తోనే పాలు పితికింది. ఆ పాలు ఇంట్లోకి తీసుకుపోలేదు. నూకాలుని కప్పెట్టిన చోట పోసి, కన్నతల్లి పోయినట్టు ఏడ్చింది.

ఆ కొండ కింద ఇప్పటికీ అంతే. ఎవరి వేలికైనా బద్ద కడితే, గుమ్మానికి గాట్ల కర్ర వేలాడదీస్తారు. ఆ మనిషికి చెంబెడు నీళ్ళ పని కూడా చెప్పరు. ఎవరైనా మరిచిపోయి చెబితే, ఇంట్లో చంటిపిల్లతో సహా అంతా ఒక్క గొంతుతో అరుస్తారు.

ఇంకా ఇరవై రోజులున్నా సరే, అనే మాట మాత్రం ఒక్కటే. "ఇంకా రెండ్రోజులుంది!"