అసిరమ్మ పొద్దు

ఆసుపత్రిని అందరిదీ చేస్తామన్నారు. అందులో ఉన్నవాళ్లను బయటికి పంపేశారు. జరిగిన తప్పు ఇది.

అనగా అనగా అని మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడో పోయారు. విన్నదాన్ని నేను మిగిలాను. వాళ్లు చెప్పినట్టే చెబుతాను.

జీడితోటల అవతల, ఎర్రమట్టి దిబ్బ మీద ఒక ఆసుపత్రి ఉండేది. పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చినవాళ్లను తెచ్చి అక్కడ వదిలేవారు. వదిలినవాళ్లు మళ్లీ వచ్చేవారు కాదు. అసిరమ్మను తండ్రి వదిలినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు.

ఆ రోగం నొప్పిని చంపేస్తుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నిప్పు తొక్కినా తెలియదు. ఎలుక కొరికినా తెలియదు. తెలియని పుండు చీముపట్టి కాలు తీసేసేదాకా తెస్తుంది. అందుకని దిబ్బ మీద ఒక ఆచారం పెట్టుకున్నారు. దీపాలు పెట్టకముందే, వెలుగుండగానే, ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చునేవారు. నీ కాళ్లు నా ఒళ్లో, నా కాళ్లు నీ ఒళ్లో. చూసినవాళ్లు చూపించాలి. చూపించినవాళ్లు చూడాలి.

అసిరమ్మకు జత దాలమ్మ. నలభై ఏళ్లు ఒకరి కాళ్లు ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ కాళ్లు మిగిలాయంటే అందువల్లే.

తరవాత మందు వచ్చింది. రోగం పోయింది. చచ్చిన నొప్పి మాత్రం తిరిగి పుట్టలేదు. వంకరపోయిన వేళ్లు వంకరగానే ఉన్నాయి.

ఒకరోజు అధికారులు వచ్చారు.

"ఇకనుంచి ఇది అందరి ఆసుపత్రి. జ్వరానికి, పురుటికి, విరిగిన ఎముకకి ఎవరైనా రావచ్చు," అన్నారు.

దిబ్బ మీదవాళ్లు సంబరపడ్డారు. వాకిళ్లు అలికారు. ముగ్గులు పెట్టారు. అప్పుడు రెండో మాట చెప్పారు.

"మీకు రోగం లేదు కదా. మీ ఊళ్లకు పొండి. మీరుంటే ఊరివాళ్లు రారు."

మూడు బళ్లు కట్టారు. మొదటి బండిలో ఏడుస్తూ వెళ్లారు. రెండో బండిలో తిట్టుకుంటూ వెళ్లారు. మూడో బండిలో దాలమ్మ ఉంది.

"నీ కాళ్లు ఇంకెవులు సూస్తారే?" అని అసిరమ్మ అడిగింది.

"మా కోడలు."

"సూస్తాదేటి?"

"నా మొగమే సూడదు. కాళ్లు సూస్తాదేటే, పిచ్చిదానా!" అని దాలమ్మ పకపకా నవ్వింది. బండి కదిలాక ఆ నవ్వు ఆగిపోయింది.

అసిరమ్మకు వెళ్లడానికి ఊరు లేదు. వార్డు తుడవడానికీ, బెడ్‌పాన్లు ఎత్తడానికీ ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఆమెను ఉండనిచ్చారు.

గోడలకు సున్నం వేశారు. జనం గేటు దగ్గరే నిలబడ్డారు. రెండోసారి వేశారు. వరండా దాకా వచ్చారు. మూడోసారి వేశాక లోపలికి వచ్చి మంచాల మీద పడుకున్నారు.

పొద్దువాలే వేళకు అసిరమ్మ ప్రతి మంచానికీ మూడడుగుల దూరంలో నిలబడి అడిగేది.

"కాళ్లు సూసుకున్నారేటి?"

"ఒలమ్మో, ముట్టుకోకు! నీ కాళ్లు నువ్వు సూసుకో," అనేవారు.

ఆమె చేయలేని పని అదొక్కటే. కళ్లు మసకబారాయి. వేళ్లకు స్పర్శ లేదు. మడమ వెనక ఏముందో ఆమెకు ఎలా తెలుస్తుంది?

మూడో ఏడు నూనె గానుగ సూరన్న వచ్చాడు. ఒంట్లో కాళ్ల స్పర్శను చంపేసిన షుగరు, భుజం మీద పెద్ద సెగగడ్డ. అసిరమ్మ గచ్చు తుడుస్తుంటే అతను నడిచిన దారిలో నెత్తుటి మరకలు కనిపించాయి.

"బాబూ, నీ చెప్పులో మేకు లేచినట్టుంది. కాలు సూసుకున్నావేటి?"

"నాకేం నొప్పి లేదు. పో."

"నొప్పి లేదంటేనే భయం బాబూ."

"నీ రోగం నాకు అంటగడతావేటే, ముసలీ?"

రెండోరోజు అడిగింది. తిట్టాడు. మూడోరోజు అడిగింది. చెంబు విసిరాడు. అప్పటికే వాసన వస్తోంది. నాలుగోరోజు డాక్టర్లు మోకాలి కింద కాలు తీసేశారు.

గాయం మానాక సూరన్నే ఆమెను పిలిచాడు. మిగిలిన కాలు ముందుకు చాపాడు.

"ఇది సూడు, అప్పా," అని అక్కను పిలిచినట్టు పిలిచాడు.

అసిరమ్మ కూర్చుంది. ఆ కాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులు, మడమ, అరికాలు, కళ్లు చికిలించి చూసింది. "బాగుంది బాబూ," అంది. తన కాళ్లు అడుగుతాడేమోనని అక్కడే కూర్చుంది. సూరన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె తన పాదాల మీదికి చీర లాక్కుని లేచింది.

నర్సు రూతమ్మ ఇదంతా చూస్తోంది. పాడు మనిషి కాదు.

"పెద్దమ్మా, నీ కాళ్లు నేను చూస్తాను. చూపించు."

"నీ కాళ్లు నాకు సూపిస్తావేటమ్మా?"

రూతమ్మ తన తెల్ల బూట్లవైపు చూసుకుంది. కాళ్లు వెనక్కి జరుపుకుంది.

"పోనీలేమ్మా," అని అసిరమ్మ చీపురు అందుకుంది.

ఆ వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. మూడు రోజులు జ్వరంతోనే తుడిచింది. నాలుగోరోజు లేవలేదు. శవాన్ని కడిగినప్పుడు మడమలో ఇంజెక్షను సీసా గాజుముక్క దొరికింది. ఆ వార్డులో పగిలిన సీసాదే. ఎన్నాళ్లుగా ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. కడిగిన రూతమ్మ అక్కడే బూట్లు విప్పేసింది. అప్పుడు విప్పి ఏం లాభం?

ఇప్పటికీ ఆ ఆసుపత్రిలో లైట్లు వేసేముందు గంట కొడతారు. ఆ వేళను అసిరమ్మ పొద్దు అంటారు. "కాళ్లు సూసుకున్నారేటి?" అని నర్సు అడుగుతుంది. జతకు ఎవరూ లేని రోగి ఉంటే నర్సే బూట్లు విప్పి ఎదురుగా కూర్చుంటుంది. చూసినవాళ్లు చూపించాలి. పెద్ద డాక్టరుకైనా అంతే. దాలమ్మ ఏమైందని అడుగుతారు. ఎవరికీ తెలియదు. వెళ్లిన మూడు బళ్ల సంగతీ ఎవరూ కనుక్కోలేదు.

పట్టుదలకు పోయింది, రూతమ్మకు చూపిస్తే బతికేది కదా అని కొందరు అంటారు. బతికేదే. అది ఆమెకు తెలియకా? మూడో బండి మలుపు తిరిగినప్పుడే ఆమె నిర్ణయించుకుంది. ఎవరు అడిగినా వాళ్ల కాళ్లు చూస్తాను. నా కాళ్లు మాత్రం, చూసి చూపించేవాళ్లకే చూపిస్తాను.

అలాంటివాళ్లు రాలేదు. ఆమె చూపించలేదు.