సేనాపతి కొలత

కొండవీధిలో దర్జీ హుసేనప్ప ముతక గుడ్డతో గట్టి అంగీలు కుట్టేవాడు. రాళ్లు కొట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు వచ్చి కొలతలిస్తే ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకు కుట్టి ఇచ్చేవాడు. సేనాపతి గజపాలుడి కన్ను ఆ అంగడి స్థలం మీద పడింది. తనకూ ఒక అంగీ కుట్టించుకుని, వీధి జనమంతా చూస్తుండగా దాని చేతుల్ని అటొక ఎద్దుకు, ఇటొక ఎద్దుకు కట్టించాడు.

"ఇది చిరిగిందా, నీ అంగడి నాది. చిరుగుతుంది, చూస్తూ ఉండు," అన్నాడు.

"నేను కుట్టింది మీకు దొరా, ఎద్దులకు కాదు. తొడుక్కుని నిలబడండి. అప్పుడు లాగించండి," అన్నాడు హుసేనప్ప.

"నా చేతులు ఊడిపోవట్రా!"

"ఎందుకు ఊడతాయి? మీరన్నట్టు చిరిగే గుడ్డే అయితే ముందు అదే చిరుగుతుంది. మీకేమీ కాదు. అది చిరగదనుకుంటేనే మీకు భయం. చెప్పండి, తొడుక్కుంటారా? చిరగదని ఒప్పుకుంటారా?"

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. సేనాపతి పళ్లు కొరుకుతూ ఎద్దుల్ని విప్పమన్నాడు. వెళ్లిపోతున్న అతన్ని ఆపి హుసేనప్ప అంగీ చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్లండి దొరా. మీ పొట్ట కొలతకు కుట్టింది, ఇక్కడ కష్టం చేసేవాళ్లెవరికీ సరిపోదు."