అరుపులు లేని పడవ

కాలువల దేశంలో ఒకామెకు ఒక పడవ ఉండేది. రేవు పేరు చెప్పి తెడ్డు వేస్తే చాలు, ఎంత దూరమైనా తీసుకెళ్లేది. ఆ దేశంలో పడవలు అందరికీ ఊరికే ఇచ్చేవారు. ఊరికే ఎందుకిస్తున్నారని అడిగినవాళ్లు లేరు. చేతికొచ్చాక ఇంకా అడిగేదేముందని ఎవరి పడవ వాళ్లు ఎక్కి పోయేవారు.

ఆమెకు మాత్రం షికార్లమీద ధ్యాస లేదు. మూడేళ్ల కిందట తమ్ముడు ఇంట్లోంచి వెళ్లిపోయాడు. పెద్ద గొడవేం కాదు. ఏట్లో తెడ్డు పోగొట్టాడని నలుగురి ముందూ తిట్టింది, వాడు అన్నం ముందునుంచి లేచి నడిచాడు. సాయంత్రానికి వస్తాడులే అనుకుంది. రాలేదు. అప్పటినుంచి రేవు రేవుకీ వెళ్లి, ఎడమ కనుబొమ మీద మచ్చ ఉన్నవాణ్ణి చూశారా అని అడుగుతూ తిరుగుతోంది. ఉన్నది ఆ ఒక్కడే, వాడు లేకపోతే ఇంట్లో ముద్ద దిగడం లేదు.

తిరగడం ఏమంత సుఖంగా లేదు. ఏ రేవుకెళ్లినా చిన్న చిన్న దోనెలు వచ్చి పడవను చుట్టుముట్టేవి.

"అక్కా, పదిరోజుల్లో నడుము సన్నబడే తైలం!"

"అక్కా, ఈ రేవుకొచ్చిన వెయ్యో మనిషివి నువ్వే! బహుమానం పట్టుకెళ్లు!"

ఏ రేవులో చూసినా వెయ్యో మనిషి ఆమే. ఒకే రేవులో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కూడా అయింది. ఒకనాడు పొరపాటున చెప్పుల దోనెవైపు చూసింది. అంతే, ఆ చెప్పులవాడు నాలుగు రేవుల దాకా వెంటబడ్డాడు. ఐదో రేవులో ఆమెకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

రేవు దాటి ఊళ్లోకి పోవాలంటే కాపలావాడికి గుర్తుమాట చెప్పాలి. మరిచిపోకుండా ఉంటుందని ఆమె అన్ని రేవుల్లోనూ 'బెల్లం' అనే పెట్టుకుంది. కొన్నాళ్లకు కాపలావాళ్లు, బెల్లం ఒక్కటే చాలదు, ఒక అంకె కూడా ఉండాలన్నారు. 'బెల్లం ఒకటి' అంది. ఎక్కడ బెల్లమో, ఎక్కడ బెల్లం ఒకటో ఆమెకే తెలియకుండా పోయింది.

ఇది చాలనట్టు ఆమెకు ఒక పాడలవాటు. ఏ రేవు నుంచి బయల్దేరినా, మళ్లీ వచ్చి చూద్దామని అక్కడ ఒక తాడు కట్టి వదిలేది. అలా అరవై రేవుల తాళ్లు పడవ వెనక ఈడ్చుకుంటూ వచ్చేవి. మళ్లీ వెళ్లి చూసిన రేవు ఒక్కటీ లేదు. విప్పేద్దామంటే మనసొప్పేది కాదు.

పడవలు చేసేచోటు పక్కనే ఒక పాక ఉంది. పడవ బాగుపడాలంటే ఆ పాకలోంచి మనుషుల్ని ఎక్కించుకోవాలని జనం చెప్పుకునేవారు. ఆమె వెళ్లి చూసింది. బల్లల మీద వరసగా కూర్చున్నారు. వాళ్లను అంతకుముందు పనిలో పెట్టుకున్నవాళ్లు, పని నచ్చినకొద్దీ ఛాతీల మీద సున్నంతో చుక్కలు పెట్టి పంపారు. ఐదు చుక్కలవాళ్లు గుండె విరుచుకుని కూర్చుంటే, రెండు చుక్కలవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఆమె నలుగుర్ని ఏరుకుంది. నలుగురూ ఐదు చుక్కలవాళ్లే. ఒకడు పొడుగాటి గడ పట్టుకున్న మనిషి. అరుపుల దోనెల్ని దగ్గరికి రానివ్వకుండా తరిమేస్తాడు. రెండో ఆమె పెట్టె పట్టుకున్న ముసలమ్మ. రేవుకో గుర్తుమాట కట్టి, అన్నీ పెట్టెలో దాస్తుంది. మూడోవాడు నల్లగొడుగు పడతాడు, నీటి మీద తళుకు కళ్లలో పొడవదు. నాలుగోవాడు తాళ్లవాడు. అరవై తాళ్లనూ చుట్టచుట్టి, దేనికి దానికి చీటీ కడతాడు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. పడవెక్కే పనిమనిషి ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టి తన ప్రమాణమంతా అప్పజెప్పాలి. పడవమనిషి మొత్తం విని, దోసెడు నీళ్లు వదిలి 'సరే' అనాలి. ప్రమాణాలేమో పొడుగు, ఎండేమో మాడ్చేస్తుంది. అందుకని ఎవరైనా మొదటి మాటకే నీళ్లు వదిలేసేవారు. పడవెక్కేవాళ్లు కూడా అలవాటుగా గొణిగేవారు. ప్రమాణం చివరి దాకా విన్న మనిషి ఆ దేశంలో ఎవరూ లేరు.

"మీరు ఏ రేవుకెళ్తే ఆ రేవుకు నేనొస్తానండి..." అని గడమనిషి మొదలుపెట్టాడు.

"సరే," అంది ఆమె. మిగతా ముగ్గురికీ ఆ ఒక్క వాక్యం కూడా పట్టలేదు.

ఇక చూడండి భోగం. గడమనిషి ముందు నిలబడి నీళ్లను బాదుతుంటే దోనెలు అల్లంత దూరం నుంచే వెనక్కి తిరిగేవి. ఆ నీళ్ల చప్పుడులో వాళ్ల అరుపులు వినపడేవి కావు. నల్లగొడుగు కింద ఆమెకు తన ఒళ్లో చేతులు తప్ప ఏమీ కనపడేవి కావు. కళ్లు చల్లగా ఉండేవి. కాపలావాడు నోరు తెరిచేలోపు ముసలమ్మ గుర్తుమాట చెప్పేసేది. తాళ్లవాడి చుట్టలు మెత్తగా ఉంటే ఆమె వాటినే ఆనుకుని కునుకు తీసేది.

గడమనిషి దోనెను తరిమినప్పుడల్లా పడవ అంచు మీద ఒక గాటు పెట్టేవాడు.

"ఇవాళ నాలుగొందలండి," అనేవాడు.

"అమ్మో! అంతమందే!" అని ఆమె మురిసిపోయేది. వాళ్లెవరెవరని ఒక్కసారైనా అడగాలనిపించలేదు. అడగడానికి ఏముంది, అరుపులే కదా.

అలా ఆరు నెలలు హాయిగా తిరిగింది. హాయిగా తిరిగింది కానీ తమ్ముడి ఆచూకీ దొరకలేదు. వెళ్లిన రేవులకే మళ్లీ మళ్లీ వెళ్లింది. లంకరేవుకయితే ఎనిమిదిసార్లు వెళ్లింది. ఎనిమిదోసారి తిరిగి వెళ్లబోతుంటే అక్కడి కాపలావాడు గొడుగు కిందికి వంగి చూశాడు.

"ఏవమ్మా, వచ్చినప్పుడల్లా మచ్చ మచ్చ అంటావు, ఆ గడ చప్పుడులో మిగతాది వినపడదు. ఏ కనుబొమ?"

"ఎడమదండి."

"అయితే జల్లెడలవాడే కదా! రోజూ ఇక్కడే ఉండేవోడు. ఏ పడవొచ్చినా దోనేసుకుని ఎదురెళ్లేవోడు. నీకు కనబడలేదా?"

ఆమె గొడుగును చేత్తో తోసేసింది. రేవు మొత్తం మొదటిసారి కనిపించింది.

"ఎప్పుడూ ఎవరూ ఎదురు రాలేదండి. ఇప్పుడెక్కడున్నాడు?"

"నిన్ననే ఏటిమొగ సంతకు పోయాడు. సంతయ్యాక పొద్దుగూకే వేళ ఓడెక్కుతానన్నాడు. ఈ దేశంలో తనకెవరూ లేరంట. ఇవాళేనమ్మా సంత."

ఆమె వెనక్కి తిరిగి గడమనిషిని చూసింది. అతను తల వంచుకోలేదు. చెయ్యకూడని పని చేసినవాడి మొహం కాదది.

"ఈ రేవులో జల్లెడలవాణ్ణి చూశావా?"

"ఆయ్. ఏడుసార్లు చూశానండి. అక్కా అక్కా అని అరిచేవోడు. అందరూ అలాగే అరుస్తారు కదండి. మొదట్లో గడ చూపిస్తే వెళ్లేవోడు. మొన్న మటుకు వెళ్లనంటే, దోనె బోర్లా వేయాల్సొచ్చింది."

"మచ్చ ఉందా?"

"ఉందండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు కాపలావోళ్లను అడిగేవోరు. నన్నడగలేదు కదండి."

ఆమె తిట్టబోయి ఆగింది. ఒకసారి నోరు పారేసుకున్నందుకే ఇంత దూరం వచ్చింది. "నీ ప్రమాణం మళ్లీ చెప్పు," అంది.

గడమనిషి పద్ధతిగా గట్టు మీద ఒక కాలు పెట్టాడు. "మీరు ఏ రేవుకెళ్తే ఆ రేవుకు నేనొస్తానండి. మీరు చూసేదంతా మీకంటే ముందు నేను చూస్తానండి. నాకు అక్కర్లేదనిపించింది మీ కంటబడనివ్వనండి."

ఆమె దోసిట్లో నీళ్లు పట్టుకునే ఉంది. వదల్లేదు.

"దిగాలా అండి?" అన్నాడు అతను.

"ఇవాళ్టికి దిగు నాయనా."

మిగతావాళ్లను కూడా చెప్పమంది. ముసలమ్మ చెప్పింది, "అమ్మాయీ, నీ మాటలు నా పెట్టెలో ఉంటాయి. నువ్వు అడిగితే తప్ప తియ్యను. తీసినా నీకూ, ఆ రేవు కాపలావాడికీ తప్ప చెప్పను." ఆమె నీళ్లు వదిలింది. గొడుగువాడు, "తళుకు తగ్గిస్తానండి, అంతే," అన్నాడు. "మడిచి కూర్చో," అంది.

తాళ్లవాడు మాత్రం చేతిలో చీటీలు తిప్పుకుంటూ నసిగాడు. "తాళ్లు చుడతానండి. చీటీలు కడతానండి. ఏ రేవుకెళ్లారో, దేనివైపు చూశారో మా మేనమామకు రోజూ చెబుతానండి."

"మీ మేనమామ ఏం చేస్తాడు?"

"చెప్పులమ్ముతాడండి."

ఆ పూట ఇంకొక పూటయితే ఆమె పడీపడీ నవ్వేది. తాళ్లన్నీ విప్పి, చుట్టలతో సహా అతన్ని గట్టు మీద దించేసింది. అరవై తాళ్ల బరువు పోయేసరికి పడవ జానెడు పైకి లేచింది. తెడ్డు తనే అందుకుని ఏటిమొగ పేరు చెప్పింది.

ఏరు సముద్రంలో కలిసేచోట జరిగే ఆ ఏటిమొగ సంత ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. ఈ చివర నుంచి ఆ చివర దాకా దోనెలే. కాపలా లేని పడవ వచ్చిందని తెలియగానే నూట యాభైమంది ఒక్కసారి మీదికొచ్చారు. ఒకడు తైలం రాయబోయాడు. ఒకడు జాతకం చెప్పడం మొదలుపెట్టాడు. వెయ్యో మనిషివంటూ ముగ్గురు మూడు బహుమానాలు ఒళ్లో పడేశారు. నల్లగొడుగు అలవాటైన కళ్లు ఎండకు నీళ్లు కారుతున్నాయి. అయినా తుడుచుకుంటూ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్లింది. ఇన్నేళ్లలో వాళ్ల మొహాలు చూడటం అదే మొదలు. తైలంవాడికి పన్ను నొప్పి ఉన్నట్టుంది, దవడ వాచింది. జాతకాలామె చంకలో పసిబిడ్డ నిద్రపోతోంది.

పొద్దు వాలింది. ఓడ మీద తెరచాపలు విప్పుతున్నారు. అప్పుడు కనిపించాడు. దూరంగా జల్లెడల మోపుతో ఒక దోనె. వాడూ ఈ పడవను చూశాడు, గుర్తుపట్టాడు. గుర్తుపట్టి దోనెను గిరుక్కున తిప్పి ఓడవైపు గబగబా తెడ్డు వేయసాగాడు.

ఆమె పడవలో లేచి నిలబడింది.

"ఒరే బుల్లబ్బాయ్!" అని అరిచింది. ఆ పేరుకు దగ్గర్లో నలుగురు తిరిగారు కానీ వాడు తిరగలేదు. అరవడం చేతకాని గొంతు, ఆ గోలలో ఎక్కడికి పోతుంది? మళ్లీ అరిచింది. దగ్గొచ్చింది.

తైలంవాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "అక్కా, అలా కాదు. కడుపులోంచి రావాలి. ఎవర్ని పిలవాలి?"

"అదిగో, ఆ జల్లెడలవాణ్ణి. మా తమ్ముడు."

తైలంవాడు వాచిన దవడ చేత్తో పట్టుకుని గొంతెత్తాడు. "జల్లెడలబ్బాయ్! మీ అక్కరోయ్!" జాతకాలామె అందుకుంది. బహుమానాలవాళ్లు అందుకున్నారు. దోనె నుంచి దోనెకు ఆ కేక పాకి, నూట యాభై గొంతులు ఒక్కటై ఏటిమొగ దద్దరిల్లింది. ఓడ మీదివాళ్లు కూడా పని ఆపి చూశారు. తమ్ముడి తెడ్డు ఆగింది.

వాడు వచ్చాడు కానీ గడ అందనంత దూరంలో దోనె ఆపాడు. అలవాటైన దూరం అది.

"ఏడుసార్లు వచ్చాను," అన్నాడు. "నువ్వే కొట్టిస్తున్నావనుకున్నాను."

"ఆ గడమనిషిని పెట్టుకుంది నేనేరా. నిన్ను తరమడానికని కాదు. నువ్వక్కడున్నావని తెలీదు." అంతవరకు అని ఏడ్చేసింది. అంతమందిలో, ఏ సిగ్గూ లేకుండా ఏడ్చింది. వాడు తెడ్డు ఒక్కసారి వేశాడు. దోనె మెల్లగా వచ్చి పడవ పక్కకు తగిలింది.

తిరుగుదారిలో ముసలమ్మ తన పెట్టె జరిపి వాడికి చోటిచ్చింది. తోవలో లంకరేవు వచ్చింది. గడమనిషి గట్టు మీద అలాగే నిలబడి ఉన్నాడు, ఎక్కమంటుందేమోనని చూస్తున్నాడు. వాళ్ల వెనక ఏటి పొడుగునా అరుపులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. దవడ వాచిన తైలంవాడు మాత్రం ఎందుకో వెంటే వస్తున్నాడు.

"గోలగానే ఉంటుందక్కా," అన్నాడు తమ్ముడు. "అందర్నీ వినలేవు కూడా."

"వినలేను," అని ఒప్పుకుంది ఆమె. ఒడ్డునున్న గడమనిషిని, వెనకున్న దోనెల్ని మార్చి మార్చి చూసింది. "నాకొక జల్లెడ అల్లిపెట్టరా."

వాడు సంతోషంగా వెదురు బద్ద తీసి గోటితో కొలవబోయాడు. "కన్నం ఎంతుండాలక్కా?"

"నువ్వు దూరి వచ్చేంత," అంది ఆమె.