గోరీల మధ్య గోడ

కరీముల్లా ఉస్తాద్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు తన చెప్పుల కోసం వెతుక్కునేవారు. కూర్చున్నచోట జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని గిట్టనివాళ్లు అనేవారు. నిజమే కాబోలు. ఆయన దగ్గర చదువుకున్న పదేళ్లలో నాకు దొరికిన జవాబుల్లో సగం ఎండలో నడిచి సంపాదించుకున్నవే.

ఒకనాడు తాపీమేస్త్రీ దాదాపీర్ వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతనూ ఉస్తాద్ శిష్యుడే. అప్పటికి మా ఊరి ముస్లింలు రెండు జమాతులై మూడేళ్లయింది. గోరీ దగ్గర దీపం పెట్టేవాళ్లదొకటి, పెట్టడం తప్పనేవాళ్లదొకటి. మసీదులు వేరయ్యాయి, పెళ్లిపిలుపులు ఆగిపోయాయి. దాదాపీర్ దీపం పెట్టే జమాతు, అతని అన్న జమాల్ అవతలి జమాతు. పక్కపక్క ఇళ్లలో కాపురముంటూ ఇద్దరూ మాటలు మానేశారు. బతికున్నవాళ్లను విడదీసింది చాలక, ఇప్పుడు రెండు జమాతుల పెద్దలూ గోరీలున్న ఖబరస్తాన్ మధ్య గోడ కట్టాలని తీర్మానించి, పని దాదాపీర్‌కు అప్పగించారు.

“కట్టమంటారా, వద్దంటారా ఉస్తాద్? కడితే మా యన్న నాకు ఇంక లేనట్టే. కట్టకుంటే మావోళ్లు నన్ను వెలేస్తారు.”

ఉస్తాద్ చెప్పులు వేసుకున్నారు. “దారం తీసుకొని రా” అన్నారు. నేనూ వెంట నడిచాను.

ఖబరస్తాన్‌కు తూర్పున రోడ్డు. ఇద్దరికీ రోడ్డు మీదికే గేటు కావాలి గనక గోడ తూర్పు నుంచి పడమటికి పోవాలన్నారు. నడుమ ఉన్న బీడులో గోరీలు లేవని అందరి నమ్మకం. జానెడు నేల కూడా పోకుండా చూడమని అవతలివాళ్లు జమాల్‌ను కాపలా పెట్టారు. అతను తమ్ముడి ముఖం చూడకుండా, గోడ వరసకు లాగి కట్టిన దారానికి అటుపక్క, దక్షిణాన నిలబడ్డాడు.

కాకి కూడా అరవని మిట్టమధ్యాహ్నం. పది గడ్డపార పోట్లు పడ్డాయో లేదో, నేల డొల్లగా మోగి మట్టి లోపలికి జారింది. నిన్ననే పూడ్చినట్టు గుప్పున శవానికి పూసే కర్పూరం వాసన వచ్చింది. పుర్రె దారానికి ఉత్తరాన, కాళ్ల ఎముకలు దక్షిణాన. దాదాపీర్ బిస్మిల్లా అని మట్టి కప్పేసి, నాలుగడుగులు పడమటికి జరిగి తవ్వాడు. అక్కడా అంతే. దారాన్ని మూరెడు పక్కకు లాగాడు. మళ్లీ అంతే.

తల ఉత్తరానికి పెట్టి, ముఖం పడమటికి తిప్పి పడుకోబెట్టడం మా ఆచారం. రోడ్డు చూసుకున్న పెద్దమనుషులకు ఆ సంగతి గుర్తురాలేదు. ఆ గోడ ఎక్కడ లేచినా ఎవరో ఒకరి ఒంటి మీదే లేస్తుంది. ఆరు గుంతలు, ఆరు ముఖాలు, అన్నీ ఒకే దిక్కుకు. పోదామని నేనంటే ఉస్తాద్ కదల్లేదు.

ఏడో గుంతలో తొడ ఎముక వెంట ఇనుప కడ్డీ కనిపించింది. దాదాపీర్ గడ్డపార పక్కన పెట్టి గుంతలోకి వంగాడు. గనిలో బండ మీదపడి కాలు విరిగితే వాళ్ల నాయన పట్నంలో వేయించుకున్న కడ్డీ అది. ఆయన పోయి పాతికేళ్లు. గోరీ గుర్తు వానలకు చెరిగిపోయినా, ఫలానా చోటని కొడుకులిద్దరూ నమ్మారు. దాదాపీర్ ఏటా దీపం పెట్టిందీ, వద్దని జమాల్ కలబడిందీ ఇన్నాళ్లూ ఇంకెవరి గోరీ దగ్గరో! ఇక్కడ నాయన తల దాదాపీర్ వైపు, కాళ్లు జమాల్ వైపు ఉన్నాయి.

జమాల్ దారం దాటి వచ్చాడు.

“కప్పురా తమ్ముడూ. నాయనకు ఎండ తగులుతాంది.”

మూడేళ్లకు అదే మొదటి మాట. ఇద్దరూ వట్టి చేతులతోనే మట్టి తోశారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దాదాపీర్ దారం చుట్టేసుకుంటూ, “మీరింకా ఏమీ చెప్పనే లేదు ఉస్తాద్” అన్నాడు.

ఉస్తాద్ చెప్పుల్లోని మట్టి దులుపుకున్నారు.

“ఏడుగురు పెద్దలు చెబుతూనే ఉన్నారు కదా నాయనా! మధ్యలో నేనెందుకు?”