సగం నూలు తువ్వాళ్ళు

అనగనగా, మగ్గాల చప్పుడుకే తెల్లవారే ఒక ఊళ్ళో నాంచారి అని నేతవాళ్ళ కోడలు ఉండేదిట. అయిదో నెలలో మంత్రసాని సూరమ్మ ఆమె పొట్ట తడిమి, ఒకరు కాదమ్మా, లోపల ఇద్దరున్నారని చెప్పిందిట. మీ పిన్నికి డాక్టరమ్మ చెప్పలా, అట్లాగే. దుప్పటి లాగకురా, చెబుతున్నాగా.

ఇద్దరని తెలిసిన రోజునుంచీ నాంచారి అత్త వీరమ్మకి కంటిమీద కునుకు లేదు. బిడ్డ మరీ పెద్దదై బయటికి రాక, ఆవిడ కూతురు తొలికాన్పులోనే పోయింది. అందుకని ఏం చేసిందీ, పిల్లలు చిన్నగా ఉంటే సుళువుగా బయటపడతారని కోడలి తిండి కోసేసింది. పొద్దున ముంతెడు గంజి పోసేచోట అరముంత. మధ్యాహ్నం రెండు సంకటి ముద్దలు పెట్టేచోట ఒకటి. రాత్రి చెంబుడు మజ్జిగ ఇచ్చేచోట అరచెంబు. అడిగితే నీ మంచికేనే అనేది. నిజంగా మంచికే అనుకుంది, అదే వచ్చిన చిక్కు.

ఆ ఇంట్లో ఇంకో అలవాటు. ప్రతి పున్నమికీ కడుపుతో ఉన్న పిల్ల పొట్టకి నూలుపోగు చుట్టి కొలిచి, ముడేసి గుంజకి కట్టేవాళ్ళు. ఆరో నెల పోగు కట్టారు. ఏడో నెల పోగు కట్టారు. నాంచారి రెండూ పక్కపక్కన పట్టుకుని చూసింది. వెంట్రుకంత తేడా లేదు.

ఊ కొడుతున్నారా? కుడిపక్క బిడ్డ తన్నుతూనే ఉంది. ఎడమపక్క బిడ్డ పొద్దుణ్ణించీ ఒక్కసారే కదిలింది. అత్తకి చెబితే, పెరగలేదా, దేవుడు చల్లగా చూశాడు అందిట.

ఎదురు చెబితే వినే మనిషి కాదు. ఏడిస్తే కరిగే మనిషీ కాదు. గుడ్డ మాటొక్కటే వింటుంది ఆవిడ, ఊళ్ళో ఎవరి నేతనైనా వేలితో తడిమి తప్పు పట్టేది. అందుకని నాంచారి మొగుణ్ణి బతిమాలి, ఒక తువ్వాలుకి పట్టే నూలుతో రెండు తువ్వాళ్ళు నేయించి అత్త ఒళ్ళో పెట్టింది. వీరమ్మ ఇలా తడిమిందో లేదో వేలు అవతలికి వచ్చేసింది. ఎవడే ఇది నేసిందీ, ఒకదాని నూలుతో రెండొస్తాయటే, మొదటి ఉతుక్కే పీలికలవుతాయి అని తిట్టిపోసింది. నాంచారి గుంజకున్న పోగులు రెండూ విప్పి తెచ్చింది. ఆ రెండు తువ్వాళ్ళ మీదా రెండు పోగులూ పెట్టింది.

వీరమ్మ పోగులు రెండూ సరిపెట్టి చూసుకుంది. తర్వాత, నిన్ను కూడా పోగొట్టుకుంటానని భయమేసిందే అని బావురుమంది.

సూరమ్మ వచ్చి చూసి, ఎడమపక్క బిడ్డ మరీ నలుసుగా ఉంది, నేను మాట ఇవ్వలేను, కడుపునిండా పెట్టండి, పని చెప్పకండి అంది. ఇంక చూడండి. నిండు ముంత గంజి, రెండు ముద్దల సంకటి, చెంబుడు పాలు, మధ్యమధ్యన పప్పూ గుడ్డూ. ఎనిమిదో నెల పోగు వీరమ్మే చుట్టి, పాత పోగు పక్కన పెట్టి చూసిందిట. రెండు వేళ్ళ మేర పెరిగింది.

నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ముందు మగపిల్లాడు, ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. వెనకాల ఆడపిల్ల, దోసిట్లో పట్టేంత. ఏడవలేదు. సూరమ్మ వీపు రాసింది, ఏడవలేదు. అరికాళ్ళు రాసింది, ఏడవలేదు. వీరమ్మ ఆ పిల్లని అందుకుని తన రొమ్ముకి ఆనించుకుని పైట కప్పేసింది. నాంచారి ఆ పైటవంకే చూస్తోంది. ఎంతసేపటికో లోపల్నించి పిల్లికూన అరిచినట్టు సన్నగా వినబడింది. అప్పుడు ఏడ్చింది నాంచారి.

పాలు తాగేటప్పుడు తప్ప నెలన్నరపాటు ఆ పిల్ల నాయనమ్మ పైటలోనే పెరిగింది. అందరూ చల్లగా ఉన్నారు. వీరమ్మ మాత్రం ఊళ్ళో ఎవరింట కోడలు కడుపుతో ఉందన్నా ఆ తువ్వాళ్ళు చంకన పెట్టుకుని పోయి, ముందు దీనికి అన్నం పెట్టండి అనేదిట.

సరే, కథ కంచి దారి పట్టింది, మీరు వంటింటి దారి పట్టండి. పిన్నికి రెండోసారి అన్నం కలిపి ఇచ్చా, వికారమని వదిలేసిందేమో. ఇద్దరూ చెరో పక్కన కూచుని ఆఖరి ముద్దదాకా తినిపించి రండి.