గంగ పేరు పెట్టిన నల్లరాయి

అనగనగా ఒక ఊళ్ళో కాదే చిట్టీ, ఊరికి పైన కొండమీద, ఇద్దరు తోటికోడళ్ళుండేవారు. పెద్దావిడ భ్రమరాంబ, చిన్నావిడ విశాల. వాళ్ళ డాబామీద మామగారు పెట్టించిన పెద్ద దుర్భిణి ఒకటుండేది. వంటకి వంతులేసుకున్నట్టే దానికీ వంతులేసుకున్నారు. ఒక రాత్రి ఈవిడ చూస్తే, మర్నాటి రాత్రి ఆవిడ. కాళ్ళాడించకు, పడుకుని విను.

ఒక రాత్రి భ్రమరాంబకి చుక్కల మధ్య కొత్తగా ఒక మసక చుక్క కనపడింది. అదున్న చోటు కాగితంమీద గుర్తేసుకుంది. మళ్ళీ తన వంతు రాగానే చూస్తే, అది పక్కకి జరిగింది! చుక్కలు తమ చోటు వదలవు కదా. జరిగిందంటే అది సూర్యుడి చుట్టూ తిరిగే రాయన్నమాట. మామూలు రాయా అది, మన జిల్లా కంటే పెద్దది!

"ఇంకొక్కసారి చూస్తే దాని దారి లెక్క తేలుతుంది," అంది భ్రమరాంబ. ఆ లెక్క తేలకపోతే, అది సూర్యుడి వెలుగులో మునిగిపోయాక మళ్ళీ ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలీదు.

విశాలకి కడుపు రగిలిపోయింది. "నేనూ ఇన్నేళ్ళుగా చూస్తున్నానే! నాకు కాకుండా ఈవిడకే కనపడాలా? రేపట్నుంచి ఊరంతా భ్రమరాంబ భజనే!" అని కుళ్ళిపోయింది.

మూడో వంతునాటికి భ్రమరాంబకి జ్వరం. "నా బదులు చూసి, ఎక్కడుందో చెప్పమ్మా," అని బతిమాలింది. విశాల చూసింది. శుభ్రంగా కనపడింది. కిందికొచ్చి, "ఏమీ లేదక్కా, కలగన్నావేమో," అనేసింది. చూశావా ఎంత కుళ్ళో!

ఆ తర్వాత ముసురు పట్టింది. అది వదిలేసరికి రాయి కాస్తా సూర్యుడి వెలుగులోకి వెళ్ళిపోయింది. భ్రమరాంబ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

"నీ పేరు పెడదామనుకున్నానే విశాలా. కనిపెట్టినవాళ్ళు తమ పేరు తాము పెట్టుకోకూడదుగా," అంది.

విశాల ఇరుకున పడింది. ఇప్పుడు నోరు విప్పితే పేరు పోతుంది. విప్పకపోతే ఆ రాయే పోతుంది. చివరికి ఉండబట్టలేక, "అబద్ధం చెప్పానక్కా! చూశాను. ఓర్వలేక చెప్పలేదు," అని వెక్కుతూ, కాగితంమీద ఆ చోటు వేలుపెట్టి చూపించింది.

భ్రమరాంబ ఆ కాగితం తీసుకుని లెక్క కట్టింది. చలికాలం వచ్చాక, లెక్క చెప్పిన చోటే రాయి మళ్ళీ తేలింది. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరుగుతుందట. బొగ్గంత నలుపట. గుండ్రంగానూ ఉండదు, పొర్లుకుంటూ పోతుందట. అప్పుడు పెద్దపెద్ద పండితులొచ్చి, "ఏం పేరు పెడతావమ్మా?" అనడిగారు. తలుపు చాటున విశాల ఇంకా ఆశగా చెవి ఒగ్గింది.

"నల్లగా, బండగా, పొర్లుతూ ఉందిగా. మా గేదె గంగ పేరు పెట్టండి," అంది భ్రమరాంబ.

అంతే! అప్పట్నుంచి విశాల కుడితి పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా ఆ గేదెవంక కొరకొరా చూసి, "నీకేం తక్కువే మహాతల్లీ, నీ పేరు ఆకాశంలో తిరుగుతోంది, తాగు!" అని మూతి తిప్పుకునేది.

కథేమో కంచికి, మనమేమో మంచానికి. కబుర్లు కట్టిపెట్టి ఇక కళ్ళు మూయ్.